బీజీ-2 పత్తి ప్యాకెట్, 475 గ్రాములు: 901 రూపాయలకు ఏమొస్తుంది, ఏం రాదు

రోహిణి కార్తె నడుస్తుండగా నల్లగొండలోనో దేవరకొండలోనో ఏ విత్తనాల దుకాణానికి పోయినా కౌంటర్ మీద కనిపించే సరుకు ఒకటే. రంగుల కవరు, లోపల పూత పూసిన గింజలు, 2025 వానాకాలానికి కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ ధర 901 రూపాయలు. కంపెనీలు పదుల్లో, పేర్లు వందల్లో. కానీ బీజీ-2 (బోల్‌గార్డ్-2) అని రాసున్న ప్రతి ప్యాకెట్‌లోనూ బీటీ జన్యువులు, అంటే కాయ తొలిచే పురుగును చంపడానికి బాక్టీరియా నుంచి తెచ్చి పెట్టినవి, అవే రెండు: క్రై1ఏసీ, క్రై2ఏబీ. రెండూ అమెరికా కంపెనీ మోన్‌శాంటో నుంచి వచ్చినవే. అందుకని ఏ కంపెనీ మంచిదన్న ముచ్చట పక్కన పెట్టి ప్యాకెట్‌నే చూద్దాం.

ధరకు మాత్రం పూర్తి మార్కులు వేయాలి. 2005లో బీజీ-1, అంటే క్రై1ఏసీ ఒక్కటే ఉన్న పాత రకం, 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 జన్యువు వాడుకున్నందుకు కట్టే టెక్నాలజీ రుసుమే, అంటే విత్తనం కంటే దాంట్లోని జన్యువే ప్రియం. 2006 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీల గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్ తలుపు తట్టింది. మేలో రుసుము తగ్గించాలని కమిషన్ చెప్పింది, ఆ వానాకాలానికి రాష్ట్రం 750 అని గీత గీసింది. 2007లో పత్తి విత్తనాలకే ప్రత్యేకంగా చట్టం చేసింది. 2015 డిసెంబర్‌లో కేంద్రం కూడా ధరల నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. 2016లో బీజీ-2 ధర 800, అందులో రుసుము 49. 2018లో 39, 2019లో 20, 2020లో సున్నా. ఇరవై ఏండ్లలో కూలి, ఎరువు, డీజిల్ ఎక్కడికి పోయాయో తెలిసిందే. గింజ ఖర్చు మాత్రం కిందికి దిగింది. సర్కారు గట్టిగా నిలబడితే ఎంత పెద్ద కంపెనీ అయినా దిగివస్తుంది.

అయితే సర్కారు అంత గట్టిగా పట్టుకున్నది ఆ ఒక్క అంకెనే. దుకాణదారుకు ఆ సంగతి బాగా తెలుసు. బోర్డు మీద 901 ఉంటుంది, గిరాకీ ఉన్న రకం అడిగితే "అది అయిపోయిందన్నా, ఇది తీస్కపో, అదీ ఇదీ ఒకటే" అంటాడు. లేదంటే లింకు పెడతాడు: ఆ రకం రెండు ప్యాకెట్లు కావాలంటే వేరే రకం ఒకటో, 'గ్రోత్' పేరు చెప్పి ఒక డబ్బానో తీసుకోవాలి. ధరల ఉత్తర్వు ఎక్కడా తప్పలేదు, జేబు మాత్రం ఖాళీ అయింది. ఉద్దెర మీద తీసుకునే రైతుకు మిత్తి కూడా కలుస్తుంది కాబట్టి 901 అన్నది అతను కట్టే ధరే కాదు.

ఇక లేబుల్. పచ్చటి లేబుల్ అంటే 'ట్రూత్‌ఫుల్' విత్తనం. మొలక కనీసం 75 శాతం, భౌతిక స్వచ్ఛత 98 శాతం అని ఉంటుంది. ఆ మాట ఇచ్చింది కంపెనీ, పరీక్షించింది కూడా కంపెనీయే. నీలం లేబుల్ అయితే ధ్రువీకరణ సంస్థ చూసి ఇచ్చినది. ప్రైవేటు పత్తి హైబ్రిడ్లలో నీలం లేబుల్ వెతికినా దొరకదు. వ్యవసాయ అధికారులు శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపుతారు. తీరా ఫలితం వచ్చేసరికి ఆ లాట్ (ఒకే విడతలో తయారై ఒకే నంబరు వేసిన గింజలు) చాలావరకు భూమిలో పడి ఉంటుంది. తప్పు తేలినా 1966 విత్తన చట్టం ప్రకారం మొదటిసారి జరిమానా 500 రూపాయల వరకే. ఒక ప్యాకెట్ ధర కంటే తక్కువ! 2004లో పార్లమెంటులో పెట్టిన కొత్త బిల్లు చట్టం కాలేదు. సంచుల్లో లూజు గింజలు అమ్మేవాడి మీదికి పీడీ యాక్టు (ముందస్తుగా నిర్బంధించే చట్టం) వస్తుంది, మంచిదే. లేబుల్ వేసి నాసి లాట్ పంపినవాడి మీదికి అది పోయినట్టు కనబడదు.

కాబట్టి మొలక పరీక్ష ఇంట్లోనే చేసుకోవాలి. కవరు కింది మూల కత్తిరించండి, లాట్ నంబరున్న వైపు చెడొద్దు. వంద గింజలు లెక్కపెట్టి, తడిపి పిండిన గోనెసంచి మీద పది వరుసలుగా పేర్చి, చాపలా చుట్టి నీడన పెట్టండి. రోజూ తడి చిలకరించి ఏడో రోజు విప్పండి. వేరు, మొలక రెండూ నిటారుగా వచ్చినవే లెక్క, వంకరవి, కుళ్లినవి వద్దు. 75 కంటే తక్కువైతే విత్తకుండా దుకాణానికి పోవచ్చు. ప్యాకెట్‌లో ఐదు వేల పైచిలుకు గింజలుంటాయి, కాబట్టి ఈ పరీక్ష ఖర్చు 20 రూపాయల లోపే. లాట్ మారితే మళ్లీ చేయాలి.

పొడి దుక్కిలో మాత్రం వేయొద్దు. 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తాలి. చెల్క భూమిలో ఒక్క జల్లుకే తొందరపడి వేస్తే గింజ ఉబ్బి చచ్చిపోతుంది. అప్పుడు కంపెనీ మనిషి వచ్చి "తేమ లేకపాయె కాకా, విత్తనం ఏం జేస్తది" అంటాడు, ఆ మాటను కాదనడం కష్టం.

హైబ్రిడ్ స్వచ్ఛత ఇంట్లో తేలదు. పూతకొచ్చాక కొన్ని మొక్కలు పొట్టిగా, ఆకు తేడాగా కనిపిస్తే హైబ్రిడ్ కాని గింజలు కలిసినట్టే లెక్క. దీని మూలం మన గద్వాల నడిగడ్డలోనే ఉంది. కంపెనీల కోసం విత్తనం పండించే సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గోటితో గిల్లి పుప్పొడి తిత్తులు తీసేస్తారు. తెల్లారి ఎండ ముదరకముందే మగ పువ్వు తెచ్చి అద్దుతారు, ఒక మగ పువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోతుంది. గిల్లకుండా వదిలిన మొగ్గ తన పుప్పొడితోనే కాయ కడుతుంది, ఆ గింజ హైబ్రిడ్ కాదు. కంపెనీ లావాదేవీ ఎక్కువగా ఆర్గనైజర్ అనే మధ్యవర్తితోనే, రైతు చేతిలో ఒప్పంద కాగితం అరుదు. అందుకని పరీక్షలో లాట్ ఫెయిలైతే నష్టం మొదట పడేది గిల్లిన చేతుల మీదే. ఈ భాగాన్ని ఏ ధరల ఉత్తర్వూ ముట్టుకోలేదు.

పురుగు విషయంలో ప్యాకెట్ మార్కులు పోగొట్టుకుంటుంది. శనగపచ్చ పురుగును బాగానే ఆపుతుంది. గులాబీ రంగు పురుగు మాత్రం క్రై1ఏసీకి లొంగడం లేదని 2010లో గుజరాత్ నుంచే తేలింది, తర్వాత బీజీ-2కూ అదే గతి. పచ్చదోమ, తామర పురుగుల మీద బీటీ అసలు పనిచేయదు, ఆ పని మొదటి కొన్ని వారాలు గింజ మీది మందు పూత చూసుకుంటుంది. పురుగు బీటీకి అలవాటుపడి లొంగకుండా పోవద్దని ఒకప్పుడు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు వేరే సంచిలో ఇచ్చి, చేను చుట్టూ ఐదు వరుసలు వేయమనేవారు. పురుగుకు మేత వేయడానికి ఎవరు ఒప్పుకుంటారు? ఆ సంచి చాలామంది ఇండ్లలో మూలన పడింది. చేను చేనుకూ పోయి చూసే యంత్రాంగం లేదు. అందుకే ఇప్పుడు 5–10 శాతం నాన్‌బీటీ గింజలు ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు. ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు, గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఏరివేయడం, డిసెంబర్‌కల్లా పంట ముగించి కట్టె తీసేయడం, ఇవి లేకుండా ప్యాకెట్‌ను నమ్ముకోవద్దు.

ధర మీద చెయ్యి తీసేస్తే పోటీ వచ్చి నాణ్యత పెరుగుతుందని వాదించేవారున్నారు. వాళ్ల మాటలో ఒక ముక్క నిజమే: 2016లో సర్కారు కట్టడికి నిరసనగా, కలుపు మందు తట్టుకునే కొత్త పత్తి అనుమతి దరఖాస్తును మోన్‌శాంటో భాగస్వామి సంస్థ వెనక్కి తీసుకుంది. కానీ అలాంటి గింజలు అనుమతి లేకుండానే 'బీజీ-3' పేరుతో ఊళ్లకు చేరాయి. లేబుల్ లేదు, బిల్లు లేదు, ధరకు హద్దు లేదు. అచ్చం నియంత్రణ లేని మార్కెట్టే అది. అక్కడ నాణ్యత పెరిగిందని ఏ రైతూ చెప్పలేదు. గింజ లోపల ఏముందో కొనేవాడికి కనబడనప్పుడు పోటీ కవరు రంగు మీదే నడుస్తుంది.

చివరగా బిల్లు. "బిల్లెందుకన్నా, నమ్మకం లేదా" అంటే ప్యాకెట్ అక్కడే పెట్టి రండి. మీ పేరు, రకం, లాట్ నంబరు, గడువు తేదీ బిల్లులో ఉండాలి. ఖాళీ కవరు, గుప్పెడు గింజలు పత్తి అమ్మేదాకా దాచండి. చెడితే వారంలోపే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఆయన చేను చూసి రాసిన నివేదిక కాపీ తీసుకోండి. రైతు కూడా వినియోగదారుడేనని, ప్రతి కేసులోనూ గింజను ల్యాబ్‌కు పంపాల్సిన పనిలేదని 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేండ్లలోపు వేయొచ్చు, కొన్న విలువ ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. దుకాణాన్ని, కంపెనీని రెండింటినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒక్కరినే చేరిస్తే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.