ఇల్లు చూసి మనిషిని చెప్పే క్లాసు, విజయనగరం

నిందితుడి ఇంటి ఫొటోలు చూసి స్వభావం చెప్పేయొచ్చని కోట దగ్గర ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆదివారం క్లాసు పెట్టారు. మొదటి గంట బాగుంది. 2002లో సైకాలజిస్టు శామ్ గోస్లింగ్ బృందం కొత్తవాళ్లని ఇతరుల పడకగదుల్లోకి, ఆఫీసు గదుల్లోకి పంపి చేసిన పరిశోధన గురించి సారు ఓపిగ్గా చెప్పారు: కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతిగా ఉండడం లాంటివి గదిని బట్టి కొంతవరకు పట్టుకోవచ్చు. నేరం చేశాడో లేదో కాదు.

తర్వాత మొదలైంది గోల. గోడకి మేకులెక్కువుంటే కోపిష్టట, వంటగది మరీ శుభ్రంగా ఉంటే ఏదో దాస్తున్నాడట (మా అత్తయ్య వంటగది చూస్తే ఈయన యావజ్జీవం వేయించేస్తారు). సోదా అయ్యాక తీసిన ఫొటోలో బీరువా చిందరవందరగా ఉంటే అది పోలీసుల పని కాదా అని ఒకమ్మాయి అడిగితే జవాబే లేదు. నిందితుడి పాత చెడు నడత మామూలుగా సాక్ష్యానికి పనికిరాదనే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 49వ సెక్షన్ ఊసే ఎత్తలేదు. సరదాకైతే వెళ్లండి, ఎస్సై పరీక్షకి పనికొస్తుందని మాత్రం ఫీజు కట్టకండి.