మాట్లాడే పని తప్పించే టికెట్: ఆటిజం ఉన్నవారి వైపు నుంచి ప్రయాణ పాస్‌ల సమీక్ష

ప్రయాణ పాస్‌ల మీద వచ్చే సమీక్షలు సాధారణంగా ఒకే లెక్క చుట్టూ తిరుగుతాయి: విడిగా టికెట్లు కొంటే ఎంత, పాస్ తీసుకుంటే ఎంత, నెలాఖరుకు మిగిలేది ఎంత. ఆటిజంతో జీవిస్తూ రోజూ బస్సుల్లో, రైళ్లలో తిరిగే నాకు ఆ లెక్క ముఖ్యమే గాని మొదటిది కాదు. పాస్ వల్ల నాకు ముందుగా మిగిలేది మాట, తర్వాత మిగిలేది నిర్ణయం తీసుకునే శక్తి, ఆ తర్వాతే డబ్బు. అందుకే నెలవారీ పాస్‌ను, డబ్బు నింపుకొనే స్మార్ట్ కార్డును, ఫోన్‌లో ఉండే పాస్‌ను, వాటికి తోడుగా ధరించే గుర్తులను ఇక్కడ ఆ వరుసలోనే అంచనా వేస్తున్నాను.

కౌంటర్ దగ్గర టికెట్ కొనడం చూసేవారికి అర నిమిషం పని. ఆ అర నిమిషంలో అద్దం అవతలి నుంచి సగమే వినబడే ప్రశ్నను పట్టుకోవాలి, చిల్లర లెక్కపెట్టాలి, వెనక నిలబడ్డవారి తొందరను భరించాలి. ఇదంతా ప్రకటనల మోత, ట్యూబులైట్ల మినుకు, పక్కవారి అత్తరు వాసన ఒక్కసారిగా మీద పడుతుండగానే చేయాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటికి అతిగా లేదా మరీ తక్కువగా స్పందించడాన్ని ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. ఆ ఒత్తిడి ఒక హద్దు దాటితే నాకు నోరు పెగలదు. వెళ్లాల్సిన ఊరి పేరు బుర్రలో స్పష్టంగానే ఉంటుంది, అయినా బయటికి రాదు. జేబులో పాస్ ఉంటే ఆ పేరు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఈ కొలతతో చూస్తే నిర్ణీత కాలానికి అపరిమితంగా తిరగనిచ్చే పాస్‌దే మొదటి స్థానం. దీనివల్ల కలిగే అతి పెద్ద మేలును పాస్ అమ్మేవారు సైతం ప్రస్తావించగా నేను చూడలేదు: అది మధ్యలో దిగిపోయే స్వేచ్ఛ. బస్సులో జనం ఒత్తుకొచ్చి, పసిపిల్ల ఏడుపూ ఇంజన్ గర్జనా కలిసి తల పగిలిపోతున్నప్పుడు తర్వాతి స్టాపులో దిగి, కాసేపు ఊపిరి పీల్చుకుని, ఖాళీగా వచ్చే మరో బస్సు ఎక్కవచ్చు. విడి టికెట్ కొన్నవారు దిగితే డబ్బు పోతుంది కనుక పళ్లబిగువున కూర్చుంటారు, ఆ బిగువుకు మూల్యం మిగతా రోజంతా చెల్లిస్తారు. అయితే పాస్ తీసుకునే ముందు నిబంధనలు జాగ్రత్తగా చదవాలి. ఒకే పాస్‌ను ఇద్దరు వాడకుండా కొన్ని వ్యవస్థలు అడ్డుకట్ట వేస్తాయి. న్యూయార్క్‌లో అపరిమిత మెట్రోకార్డును ఒక స్టేషన్‌లో ఒకసారి గీకితే, అక్కడే మళ్లీ వాడడానికి 18 నిమిషాలు ఆగాల్సి వచ్చేది. గోల తట్టుకోలేక బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలనుకునే మనిషికి అలాంటి నిబంధన సరిగ్గా అవసరమైన క్షణంలో అడ్డుపడుతుంది.

డబ్బు నింపుకొనే కార్డుల్లో హాంకాంగ్‌లో 1997లో వచ్చిన ఆక్టోపస్, జపాన్‌లో 2001లో వచ్చిన సూయికా, లండన్‌లో 2003లో వచ్చిన ఆయిస్టర్ పేరుపొందినవి. వీటి తీరులోని లోపం ఏమిటంటే, కార్డులో ఎంత మిగిలిందన్న బెంగ ప్రయాణమంతా వెంట ఉంటుంది. నిల్వ తగ్గగానే బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే నిండే ఏర్పాటు ఉంటే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. రోజు మొత్తానికి కార్డు నుంచి తీసుకునే ఛార్జీ ఒక పరిమితి దాటకుండా చూసే పద్ధతి, అంటే లండన్‌లో అమలులో ఉన్నటువంటిది, ఏ టికెట్ లాభమో ముందే తేల్చుకోవాల్సిన పనిని కూడా తప్పిస్తుంది. దిగేటప్పుడు మరోసారి కార్డు తాకించడం మరిస్తే గరిష్ఠ ఛార్జీ వేసే నిబంధన మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. రద్దీలోంచి బయటపడడం మీదే మనసంతా పెట్టిన వ్యక్తి ఆ ఒక్క పని మరవడం చాలా సహజం.

ఫోన్‌లోని పాస్‌కు నేను తక్కువ మార్కులే వేస్తాను. లాక్ తీయకుండానే గేటుకు తాకించే సదుపాయం ఉన్న ఫోన్లు కొంత నయం. అది లేనప్పుడు యాప్ తెరవాలి, పాస్ వెతకాలి, వెలుతురు పెంచాలి. ఒక రోజు యాప్ కొత్త రూపంలో ప్రత్యక్షమై, నిన్నటి బటన్ నేడు మరోచోట ఉంటుంది. ప్లాస్టిక్ కార్డు మారదు. సంచిలో చెయ్యి పెడితే దాని అంచు వేలికి తగులుతుంది, చూడకుండానే తీయవచ్చు, బ్యాటరీ అయిపోదు.

ఇక పాస్ నాణ్యత అసలు తేలేది అది పనిచేయని నిమిషంలో. గేటు దగ్గర కార్డు ఆనించగానే ఎర్రదీపం వెలుగుతుంది, మామూలు బీప్‌కు బదులు గట్టిగా మరో మోత వస్తుంది, తెర మీద ఒక సంఖ్యో, 'సిబ్బందిని సంప్రదించండి' అనే వాక్యమో కనిపిస్తుంది, వెనక వరుస ఆగిపోతుంది. మాట్లాడే అవసరం తప్పిస్తానన్న పాస్ మాట్లాడక తప్పని స్థితికి నన్ను తెచ్చేది సరిగ్గా అప్పుడే. 'మళ్లీ తాకించండి', 'గడువు ముగిసింది', 'నిల్వ చాలదు' అని కారణం చెప్పే తెర ఉంటే ఏం చేయాలో తెలుస్తుంది. పక్కనే వెడల్పైన గేటు, అక్కడ ఒక మనిషి ఉంటే ఇంకా మేలు. కారణం చెప్పని యంత్రం ఉన్న చోట ఎంత చవకైన పాస్ అయినా నేను సిఫారసు చేయలేను.

రాయితీ పాస్‌ల విషయంలో నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. ఛార్జీ తగ్గడం, కొన్నిచోట్ల తోడు వచ్చేవారికి కూడా తగ్గడం నిజంగా పెద్ద సహాయం. కాని ఆటిజం జీవితాంతం ఉండేదని తెలిసి కూడా గడువు తీరిన ప్రతిసారీ కొత్త ధ్రువపత్రం అడిగే విధానాన్ని ఏ విధంగానూ సమర్థించలేము. పాస్ మీద వైకల్యం పేరు పెద్ద అక్షరాలతో ముద్రించడం వల్ల తనిఖీకి వచ్చినవారికి ఏ ఉపయోగమూ లేదు. పక్క సీటువారికి మాత్రం మన వివరం తెలిసిపోతుంది. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం తొమ్మిదో అధికరణం రవాణాను అందరికీ సమానంగా అందుబాటులో ఉంచాలంటుంది. 22వ అధికరణం వ్యక్తిగత, ఆరోగ్య వివరాల గోప్యతను కాపాడాలంటుంది. పాస్ రూపకల్పన చేసేవారు ఈ రెంటినీ కలిపి చదవాలని నా కోరిక.

పైకి కనబడని వైకల్యాన్ని తెలిపే గుర్తులు కూడా ఇప్పుడు ప్రయాణంలో భాగమయ్యాయి. లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయంలో 2016లో మొదలైన పొద్దుతిరుగుడు పువ్వుల ఆకుపచ్చ మెడపట్టీ, టోక్యో నగర పాలక యంత్రాంగం 2012లో తెచ్చిన ఎర్రటి హెల్ప్ మార్క్ వీటిలో ముఖ్యమైనవి. హెల్ప్ మార్క్‌లో తెల్లని ప్లస్ గుర్తు, దాని కింద హృదయం ఉంటాయి. కావలసిన సహాయం ఏమిటో రాసి అంటించుకునే వీలు కూడా ఉంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే 'నాకు కొంచెం సమయం ఇవ్వండి, రాసి చూపిస్తే అర్థం చేసుకోగలను' అన్న రెండు ముక్కలు అక్కడ ఉంటే గేటు దగ్గర మూగబోయినా పని జరుగుతుంది. మెడపట్టీ టికెట్ కాదు, వరుసలో ముందుకు వెళ్లే హక్కునూ దానంతట అది ఇవ్వదు. దాని అర్థం తెలిసిన సిబ్బంది ఉన్నచోట మాత్రమే అది పనిచేస్తుంది.

పాస్ ఎంచుకునేవారు చివరగా ఒక్కటి కనుక్కోవాలి: కార్డు పోతే ఏం చేయాలి? ఆన్‌లైన్‌లోనో, ఒక సందేశం పంపో పాత కార్డును ఆపించి, మిగిలిన రోజులను కొత్త కార్డుకు మార్చుకునే వీలుంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఫోన్ చేసి, అంకెలు నొక్కుతూ, సంగీతం వింటూ వేచి ఉండి, చివరికి గొంతుతో వివరించడం తప్ప మరో దారి చూపని సంస్థ పాస్ మిగతా అన్నింటిలో ఎంత బాగున్నా నేను దానికి పూర్తి మార్కులు వేయను.