వంద మంది స్మిత్‌లా, ఆ ఫ్రీవేనా: ఏది మేలు?

2003లో వచ్చిన ‘మ్యాట్రిక్స్ రీలోడెడ్’ ఎప్పుడు చూసినా ఒక చోట ప్రాణం ఉసూరుమంటుంది, ఇంకో చోట నిటారుగా లేచి కూర్చుంటాను. ఉసూరుమనేది హీరో నియో మీదికి, తన నకళ్ళు తానే పుట్టించుకునే విలన్ ఏజెంట్ స్మిత్ వంద మందిగా ఎగబడే ఫైట్ దగ్గర. లేచి కూర్చునేది ఫ్రీవే, అంటే సిగ్నళ్ళు లేని వేగ రహదారి మీద సాగే చేజ్ దగ్గర. రెండూ దర్శకులు వాచోవ్‌స్కీలు తీసినవే. రెండింటికీ విజువల్ ఎఫెక్ట్స్ చూసింది జాన్ గేటా బృందమే. వేర్వేరు సినిమాలైతే కథ తేడా అనో, డబ్బు చాల్లేదనో సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు కాబట్టే ఈ రెండింటినీ పక్కపక్కన పెడుతున్నాను.

స్మిత్‌ల ఫైట్ ఎత్తుగడ నిజానికి చాలా బాగుంటుంది. కంపోజ్ చేసింది యువెన్ వూ-పింగ్. నియోగా కియాను రీవ్స్, స్మిత్‌గా హ్యూగో వీవింగ్, స్మిత్ వేషంలో ఉన్న డూపులు, అందరూ మనుషులే. దెబ్బ తగిలితే తల పక్కకి తిరుగుతుంది, కాలు కాస్త తడబడుతుంది, మళ్ళీ నిలదొక్కుకోవడానికి అర క్షణం పడుతుంది. మనల్ని నమ్మించేది ఆ అర క్షణమే. తర్వాత నియో నేలలోంచి ఇనుప స్తంభం పెకలిస్తాడు. అక్కణ్ణుంచి మనుషులు తప్పుకుంటూ పోతారు, బొమ్మలు వచ్చి చేరతాయి.

ఆ బొమ్మల వెనక పనితనం సామాన్యమైంది కాదు. నటుల ముఖాలను ఐదు హై డెఫినిషన్ కెమెరాలతో ఒకేసారి తీసి, ఆ కవళికలను డిజిటల్ ముఖాలకు ఎక్కించారు. ‘యూనివర్సల్ క్యాప్చర్’ అన్నారు దాన్ని. ఆ రోజుల్లో అంత సాహసం చేసినవాళ్ళంటే నాకు గౌరవం. కానీ ముఖం మీద పెట్టిన శ్రద్ధ ఒంటికి అందలేదు. నియో స్తంభం పట్టుకుని గిర్రున తిరుగుతూ తన్నుతుంటే స్మిత్‌లు దూదిపింజల్లా లేచిపోతారు. పొడవాటి కోటు రబ్బరు షీటులా ఊగుతుంది. కింద పడ్డవాడి బరువు నేలకు తెలియదు.

నన్ను ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కెమెరా. కంప్యూటర్‌లోని కెమెరాకు ట్రాలీ అక్కర్లేదు, క్రేన్ అక్కర్లేదు, దాన్ని మోసే మనిషి అసలే అక్కర్లేదు. మనుషుల మధ్య దూరిపోతుంది, గాల్లోకి లేస్తుంది, చుట్టి వస్తుంది. ఎక్కడికైనా వెళ్ళగల కెమెరా ఎక్కడా నిలబడి చూడదు. దాంతో ఏ దెబ్బ ముఖ్యమో, ఏది కాదో మనకు చెప్పేవాళ్ళే ఉండరు.

ఇక ఫ్రీవే. కాలిఫోర్నియాలోని అలమీడాలో మూతపడ్డ నౌకాదళ వైమానిక స్థావరం మీద, దాదాపు ఒకటిన్నర మైలు రోడ్డును ఈ సినిమా కోసమే కట్టారు. జనరల్ మోటార్స్ ఇచ్చిన కార్లను వందల లెక్కన తుక్కు చేశారు. నియో ప్రేయసి ట్రినిటీ, రహస్య తలుపులకు తాళంచెవులు చేసే కీమేకర్‌ను వెనక కూర్చోబెట్టుకుని డుకాటీ బైక్ మీద ఎదురొచ్చే వాహనాల మధ్య దూసుకుపోతుంది చూడండి, అందులో క్యారీ-ఆన్ మాస్‌కు డూప్‌గా నడిపింది డెబ్బీ ఎవాన్స్. బైక్ ఒరిగినప్పుడల్లా నా భుజం కూడా దానితోపాటు ఒరుగుతుంది. టైరు జారుతుందేమోనన్న భయం పుడుతుంది, ఎందుకంటే అక్కడ టైరూ ఉంది, రోడ్డూ ఉంది.

ఇందులో గ్రాఫిక్స్ లేవని కాదు, బోలెడున్నాయి. ఏజెంట్ ఒక కారు మీంచి ఇంకో కారు మీదికి దూకడం, దెయ్యాల్లా మాయమయ్యే కవలలు, ఇవన్నీ కంప్యూటర్ చలవే. అయితే అవి నిజంగా పరుగెడుతున్న లోహం మీద వాలాయి. కార్లు ఇచ్చిన ఊపుని అవి అరువు తెచ్చుకున్నాయి.

అలాగని మాయ తగ్గితేనే మేలనుకుంటే 1999 నాటి మొదటి సినిమా అడ్డొస్తుంది. మేడ మీద నియో వెనక్కి వంగి తూటాలు తప్పించుకునే షాట్‌లో వెనకున్న నగరం కంప్యూటర్‌లో కూర్చిందే, తూటాలూ అంతే. కానీ వైర్ల ఆసరాతో గ్రీన్ మ్యాట్ ముందు నడుము విరుచుకున్నవాడు రీవ్స్. చుట్టూ పేర్చిన సుమారు 120 స్టిల్ కెమెరాలు పట్టుకున్నది అతని ఒంటినే, ఆ కోటునే. పైగా ఆ వింత కొన్ని సెకన్లలో ముగుస్తుంది. స్మిత్‌ల ఫైట్ నిమిషాల తరబడి సాగుతుంది, ఇరవయ్యో స్మిత్ ఎగిరిపడే సరికి మొదటివాడు ఎగిరినప్పటి ఆశ్చర్యం మిగలదు.

కథ కూడా ఫ్రీవే వైపే మొగ్గింది. అక్కడ నియో లేడు, చివర్లో గానీ రాడు. ట్రినిటీ చావొచ్చు, నియో గురువు మార్ఫియస్ చావొచ్చు, కీమేకర్‌ను పోగొట్టుకుంటే అందరి ఆశా పోయినట్టే. స్మిత్‌ల ఫైట్‌లో మాత్రం, అంతసేపు కొట్టుకున్నాక నియో చటుక్కున ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఆ పని మొదట్లోనే చేయొచ్చుగా! చావు భయం లేని ఒంటిని బరువు లేని బొమ్మగా మార్చారు, రెండు లోపాలూ ఒకదాన్నొకటి పెంచాయి.

నేను ఫ్రీవేకే ఓటేస్తాను, సందేహం లేదు. స్మిత్‌ల ఫైట్‌ను మొత్తంగా తీసేయమని అడగను, మొదటి భాగం అంటే నాకు ఇష్టం. ఎడిటింగ్ బల్ల దగ్గర ఒక్క కోత నా చేతిలో ఉండుంటే, స్తంభం పెకలించిన చోటే నియోను ఎగిరిపోనిచ్చేవాణ్ణి.