ఐపీఎం తోట సర్వీసు: పురుగుల్లో పాస్, తుంగలో ఫెయిల్

హైదరాబాద్‌లో నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలకు ఈ మధ్య 'ఐపీఎం ప్యాకేజీ' అని తోట సర్వీసు అమ్ముతున్నారు. ఐపీఎం అంటే సమగ్ర సస్యరక్షణ. అంటే ముందు చూడాలి, లెక్కపెట్టాలి, చేత్తో పోయేదాన్ని చేత్తో తీయాలి, మందు ఆఖరికి. అలాంటి ఒక కాంట్రాక్టు మీద రివ్యూ ఇది. సంస్థ పేరు అనవసరం. రేటు మామూలు మాలీ కాంట్రాక్టు కంటే ఎక్కువే. ఆ ఎక్కువ డబ్బు మందుకు కాదు, చూసే కంటికి ఇస్తున్నామని అర్థమైతే ఈ సర్వీసులో ఏది బాగుందో, ఏది బాగాలేదో తేలిపోతుంది.

బాగున్నది పురుగుల పని. వాళ్లు మొదట స్టోరు రూము ఖాళీ చేయించారు. పాత మాలీలు దాచిన ఫోరేట్ అనే విషపు పురుగుమందు గుళికలు ఇంకా చాలా కాలనీల్లో మూలన పడి ఉంటాయి. దాని మీద 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం ఉంది. పిల్లలాడే లాన్‌లో ఆ గుళికలు చల్లడమంటే ఒళ్లు జలదరించే విషయం.

తర్వాత రిజిస్టరు. వారానికోసారి సూపర్‌వైజరు మందార వరసలో పది చిగుళ్లు తిప్పి చూసి, పిండినల్లి (రసం పీల్చే, తెల్ల పిండిలా కనిపించే పురుగు) ఎన్నింటికి పట్టిందో రాస్తాడు. ఒకటీ రెండూ అయితే కత్తిరించి సబ్బునీళ్లలో ముంచడమే. అంతకు మించితే వేపమందు: 1500 పీపీఎం అజాడిరక్టిన్ లీటరుకు 5 మిల్లీలీటర్లు, అంటే 15 లీటర్ల ట్యాంకుకు 75. ఇక్కడ చాలామంది చెడగొట్టేది నీళ్ల దగ్గర. మన బోరునీళ్లు క్షార గుణం ఉన్నవి, అందులో అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది. కుళాయి నీళ్లతో కలిపి, అదే రోజు, ఎండ తగ్గాక కొట్టాలి. ట్యాంకులో నూనె చుక్కలు తేలుతుంటే కొట్టకూడదు, ఆకు మాడుతుంది. మే నెలలో అసలే వద్దు. చీమలను ఆపకపోతే ఇదంతా వృథా. తేనెలాంటి జిగురు కోసం పిండినల్లిని కాపలా కాసేది అవే కాబట్టి, కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టారు. మంచి పని.

ఒక జాగ్రత్త. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్ల కూడా తెల్ల మైనం పూసుకుని అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తేడా రెండే. అక్షింతల పురుగు పిల్ల సైజులో పెద్దది, ముట్టుకుంటే చకచకా కదులుతుంది. పిండినల్లి దాదాపు కదలదు. ఈ సర్వీసులో మాలీలకు ఆ తేడా తెలుసు. తెలియని చోట కాపాడే పురుగునే ముందు చంపేస్తారు.

ఫాక్స్‌టెయిల్ పామ్‌ల కింద కార్లన్నీ జిగురవుతున్నాయని, ఆకులు నల్లబడుతున్నాయని ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. అది సర్పిలాకార తెల్లదోమ, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడి ఇటు విస్తరించింది. ఆకు అడుగున పిల్లపురుగులు నల్లగా మారి, వాటికి గుండ్రటి కన్నాలు కనిపిస్తే తెల్లదోమను చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ పని మొదలుపెట్టినట్టే. అప్పుడు రసాయన మందు కొడితే కందిరీగ పోయి దోమ మిగులుతుంది. వీళ్లు పవర్ స్ప్రేయరుతో ఆకు అడుగున నీళ్లు మాత్రమే కొట్టారు. సరైన నిర్ణయం. కానీ ఏప్రిల్‌లో తెల్లదోమను చంపే ఐసేరియా అనే శిలీంధ్రం లీటరుకు 5 గ్రాములు కొట్టి బిల్లు వేశారు. ఆ పొడి గాలిలో శిలీంధ్రం ఎక్కడ బతుకుతుంది? వానాకాలం సాయంత్రాలకు దాచుకోవలసిన మందు అది.

నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కింద నేల చూడండి. మిరియాలంత రెట్టలుంటే పైన వేలంత లావు పచ్చపురుగు ఉన్నట్టే. చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

ఇక కలుపు. ఇక్కడ ప్యాకేజీ పేరుకే ప్యాకేజీ. లాన్ మరమ్మతుకు తెచ్చిన లారీ ఎర్రమట్టిలోనే తుంగ గడ్డలు వచ్చాయి. దించుకునే ముందు ఆ మట్టి ట్రేలో పోసి, తడిపి, ఎండలో 15 రోజులు పెడితే తెలిసిపోయేది. కాండం వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగిలేది తుంగ. కోసిన మూడు నాలుగు రోజులకే లాన్ కంటే ఎత్తు లేస్తుంది. లాగితే పైభాగం ఊడి వస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. వీళ్లు పెండిమెథాలిన్ కొట్టారు. అది గింజ నుంచి మొలిచే కలుపుకు, గడ్డకు ఏమీ చేయదు. ఆ మీద బ్రష్ కట్టరుతో లాన్ నేలబారుగా గీకేశారు. నీడ పోయిన నేల తుంగకు పండగే. కోత ఒకటిన్నర అంగుళాల కంటే కిందికి పోకూడదు, ఒక్కసారిలో మూడోవంతు మించి కోయకూడదు.

తుంగకు పనిచేసే కలుపుమందు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, ఎకరాకు 36 గ్రాములు. అంటే వంద చదరపు మీటర్లకు గ్రాము కూడా కాదు. చెంచా లెక్క కుదరదు, చిన్న తూకం కావాలి. తుంగ మూడు నాలుగు ఆకులప్పుడు కొట్టి, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. లేబుల్ మీద చెరకు లాంటి పంటలే ఉన్నాయి, లాన్ లేదు. అందుకని మూలన చిన్న మడిలో పరీక్షించాకే మిగతా చోట.

అన్నిటికంటే పెద్ద తప్పు గ్లైఫోసేట్ అనే కలుపుమందు దగ్గర. ఫుట్‌పాత్ సందుల్లో గాలి వీస్తున్నప్పుడు, పురుగుమందు కొట్టే నాజిల్‌తోనే కొట్టడంతో తుంపర అంచున పెంచిన డ్యురాంటా మొక్కల మీద పడింది. కొత్త చిగుళ్లు సన్నగా, పసుపుగా, గుత్తులుగా వచ్చాయి. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, తుంపర పక్కకు పోకుండా దాని ముందు డొప్ప, కలుపుమందుకు విడి ట్యాంకు: ఈ మూడూ లేనివాళ్ల చేతికి ఆ డబ్బా ఇవ్వకూడదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది కూడా. లైసెన్సు కాపీ అడగడానికి అసోసియేషన్ మొహమాటపడనక్కర్లేదు.

వయ్యారిభామను పూత రాకముందు, వాన పడ్డాక, గ్లౌజులతో వేళ్లతో సహా పీకారు. బాగుంది. కానీ పూసిన మొక్కలను కూడా కంపోస్టు కుప్పలోనే వేశారు, గింజలు తిరిగి మొక్కల మళ్లలోకి చేరతాయి. పైగా తిప్పని కుప్ప పామ్‌లను తొలిచే కొమ్ము పురుగుకు పుట్టిల్లు.

5కు 3 ఇవ్వచ్చు. రెన్యువల్ అడిగితే ఒప్పందంలో మట్టి ట్రే పరీక్ష, కోత ఎత్తు, కలుపుమందు ట్యాంకు విడిగా రాయించాలి. సూపర్‌వైజరుకు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్ఐపీహెచ్ఎం)లో ఇచ్చేలాంటి శిక్షణ ఉందా అని అడగాలి. వాళ్లు కాదంటే పురుగుల భాగం వరకే కాంట్రాక్టు ఇచ్చి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కలుపుకు ఇద్దరు మనుషులను విడిగా పెట్టుకోవడం మేలు.