పెద్ద అక్షరాల పరిశుద్ధ గ్రంథం: ఆరు నెలలు చదివిన తర్వాత

కంటిశుక్లం ఆపరేషన్ అయిన తర్వాత కూడా నా పాత బైబిలులోని సన్నని అక్షరాలు చీమల బారులాగానే కనిపిస్తుండడంతో, మా సంఘంలో నెలకొక ఆదివారం వాక్యపఠనం నా వంతు గనుక, హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో పెద్ద అక్షరాల ప్రతి ఒకటి కొన్నాను. జిప్పు అట్ట, బంగారు అంచు, ప్రభువైన యేసు మాటలు ఎరుపు రంగులో ఉన్న ముద్రణ. వెల 1,200 రూపాయలు చెప్పి, అడిగిన మీదట యాభై తగ్గించారు. అనువాదం మనమందరం చిన్ననాటి నుండి కంఠస్థం చేసిన పాతదే.

ముందుగా వస్తువు సంగతి. అక్షరం నిండుగా ఉంది, కింది వత్తులు తర్వాతి వరుసకు తగలకుండా విడివిడిగా కనిపిస్తాయి. కాగితం మాత్రం పలుచన. ట్యూబులైటు కింద వెనక పుట అక్షరాలు నీడలాగా తేలుతాయి. మా వీధి కిరాణా కొట్టు తూకం మీద పెడితే 1 కిలో 600 గ్రాములు తూగింది. దీనిని సంచిలో వేసుకుని వరంగల్ స్టేషనులో రైలెక్కి డోర్నకల్ వెళ్లినప్పుడు భుజం ఒరుసుకుపోయింది. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారి కాలంలో, గుడి రీతినీ మసీదు రీతినీ కలిపి కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఆ కథీడ్రల్లో, మసక వెలుగులో కూడా ఈ అక్షరాలను అద్దాలు లేకుండా చదవగలిగాను గనుక ఆ బరువును క్షమించాను.

ఏ బైబిలు కొనబోయినా నేను మొదట తెరిచి చూసేది యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయం. రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరంలో ప్రవక్త దేవుని సింహాసనాన్ని చూస్తాడు. ఆరేసి రెక్కలున్న సెరాపులనే దేవదూతలు సైతం రెండు రెక్కలతో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకొని, మిగిలిన రెండింటితో ఎగురుతూ ‘పరిశుద్ధుడు’ అన్న మాటను మూడుసార్లు పలుకుతారు. ఒక మాట తీవ్రతను తెలపడానికి దానినే మళ్లీ చెప్పడం హెబ్రీ భాష పద్ధతి. మూడుసార్లు చెప్పడం అందులోనూ అరుదు. మనం కూడా వద్దు వద్దు వద్దు అంటేనే గదా ఎదుటివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. నా పాత ప్రతిలో మూడో ‘పరిశుద్ధుడు’ విరిగి పక్క వరుసలో పడేది. ఇందులో మూడూ ఒకే వరుసలో నిలబడ్డాయి.

ఇంకొక మేలు కూడా కలిగింది, ముద్రించినవారు తలచి చేశారని అనుకోను. ఎడమ పుటలో 5వ అధ్యాయం, కుడి పుటలో 6వది ఎదురెదురుగా పడ్డాయి. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం చేర్చుకునేవారికి శ్రమ (అయ్యో, కీడు) అంటూ మొదలుపెట్టి ప్రవక్త ఎడమ పుటలో ఆరుసార్లు ఇతరులను హెచ్చరిస్తాడు. (రింగురోడ్డు చుట్టూ ప్లాట్ల రాళ్లు చూసినప్పుడల్లా ఆ మాట నాకు గుర్తొస్తుంది; మా రెండో ప్లాటు కూడా అక్కడే ఉంది.) కుడి పుటకు వచ్చి పరిశుద్ధతను చూసేసరికి ‘అయ్యో’ అనే మాట అతని మీదికే తిరుగుతుంది, తన పెదవులే అపవిత్రమైనవని ఒప్పుకుంటాడు. లోకాన్ని తూచినవాడే తక్కెడలో కూర్చోవలసి రావడం రెండు పుటల మధ్య ఇంత దగ్గరగా జరిగిందని ముప్ఫై ఏళ్ల చదువులో నేను గమనించలేదు.

అదే పుటలో ఒక లోపం బయటపడింది. సెరాపు బలిపీఠం మీది నిప్పును ‘కారుతో’ తీసి ప్రవక్త నోటికి తగిలిస్తాడు. నాలుగో తరగతి చదివే మా మనుమరాలు పక్కన కూర్చుని విని, “దేవుని గుళ్లె కారు ఎట్లొచ్చింది తాతా?” అని అడిగింది. కారు అంటే కంసాలి చేతిలోని పట్కారు అని చెప్పాను. ఇంత పెద్ద పుస్తకం చివర కఠిన పదాల పట్టిక నాలుగు పుటలు ఇచ్చి, ఈ మాటను అందులో చేర్చకపోవడం న్యాయంగా లేదు. ‘నశించితిని’ అన్న ఆ ప్రవక్త తనంతట తాను శుద్ధుడు కాలేదు, బలిపీఠం వద్దకు నడిచి వెళ్లనూ లేదు. నిప్పే అతని వద్దకు వచ్చింది. పాపికి గల ఆశ అంతా ఆ పట్కారు కొనన ఉన్నప్పుడు, పిల్లలకు అది మోటారు బండిగా మిగిలిపోకూడదు.

ఎరుపు అక్షరాల మీద నాకు మొదటి నుండి సదభిప్రాయం లేదు, రాత్రివేళ కంటికి శ్రమ. అయితే లూకా 5వ అధ్యాయంలో, నన్ను విడిచి పొమ్ము, నేను పాపాత్ముడనని శిష్యుడైన పేతురు యేసుతో అన్న మాట నలుపులో ఉండి, రెండు వచనాల కింద ‘భయపడకుము’ అన్నది ఎరుపులో కనిపించినప్పుడు నా అభిప్రాయం కొంత సడలింది. 18వ అధ్యాయంలో మరీ విచిత్రం. దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ప్రార్థన ప్రభువు చెప్పిన ఉపమానంలోనిది గనుక అదీ ఎరుపే. కన్నులెత్తడానికి ధైర్యం చాలనివాడి మాటను ఆయన తన నోట పలికాడని రంగు చెబితే గాని నాకు తట్టలేదు. అదే ఉపమానంలోని పరిసయ్యుని (ధర్మశాస్త్ర నిష్ఠాపరుని) డంబపు ప్రార్థన కూడా ఎరుపులోనే ఉందనుకోండి. రంగును నమ్ముకుని మరీ దూరం పోకూడదు.

అసలు ఇబ్బంది బంగారు అంచుతో వచ్చింది. కొత్తలో పుటలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. గత నెల ఆరాధనలో యెషయా 57వ అధ్యాయం చదువుతూ పదిహేనో వచనానికి వచ్చాను. “నేను మహోన్నతమైన పరిశుద్ధస్థలములో నివసించువాడను” అన్నంతవరకు ఒక పుట అడుగున ముగిసి, ‘అయినను’ అన్న మాట వెనక పుటకు పోయింది. తిప్పితే రెండు ఆకులు కలిసి వచ్చి, మరో అధ్యాయపు నడిమి మాట ఎదురైంది. గోటితో విడదీస్తుంటే చేతులు వణికాయి. సంఘమంతా ఆ మహోన్నత స్థలం దగ్గరే ఆగిపోయి నిశ్శబ్దంగా కూర్చుంది. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ, అక్షరం రానిది, “అయినా గానీ దీనమనసున్నోళ్ల దగ్గర కూడ ఉంటడట, చదువు సారూ” అని నన్ను ఆదుకుంది. పాస్టరు అయ్యగారు నవ్వారు, నేను తల వంచుకుని మిగతా వచనం చదివాను. ఆ వచనాన్ని సరిగ్గా ‘అయినను’ ముందు తెగ్గొట్టి పుట కూర్చినవారు దానిని ఒక్కసారి గొంతెత్తి చదివి ఉంటే అలా చేసేవారు కాదు.

జిప్పు మూడో నెలలోనే మొరాయించింది. దుకాణానికి తీసుకువెళితే మారుమాట లేకుండా అట్ట మార్చి ఇచ్చారు, ఆ మర్యాద చెప్పుకోదగినది. ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చదివే పెద్దవారికి ఈ ప్రతి బాగా పనికివస్తుంది. ప్రయాణాలకు, బైబిలు క్లాసులకు చిన్నది వేరే ఉంచుకోవడమే మేలు. వీలైతే జిప్పు లేనిది, బంగారు అంచు లేనిది అడగండి. నా ప్రతిలో ‘కారు’ పక్కన పెన్సిలుతో పట్కారు అని రాసుకున్నాను. వచ్చే ఆదివారం మళ్లీ నా వంతే, పాఠం లూకా 18. ఆ ఆకులను నిన్న రాత్రే ఒక్కొక్కటిగా విడదీసి పెట్టాను.