అధికారాలు వదులుకోవడానికి ఏ లైబ్రరీ పద్ధతి మేలు?

మాదాపూర్‌లో మేము నడిపే పైథాన్ సర్వర్ 443వ పోర్టు (సురక్షిత వెబ్ కనెక్షన్లు వచ్చే చోటు) తెరవడానికి రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా మొదలై, వెంటనే మామూలు యూజర్‌గా మారాలి. ఈ మార్పు కోసం భాషా లైబ్రరీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కాల్స్‌ను ఉన్నవి ఉన్నట్టుగా అందించాలా, లేక 'ఇకపై నాకు ఇవి చాలు' అని ప్రకటించే ఒక్క ఫంక్షన్ ఇవ్వాలా?

మొదటిది పైథాన్ ఓఎస్ మాడ్యూల్ పద్ధతి. సెట్‌గ్రూప్స్ (అదనపు గ్రూపులను మార్చేది), సెట్‌జీఐడీ (ప్రధాన గ్రూపును మార్చేది), సెట్‌యూఐడీ (యూఐడీని, అంటే యూజర్ సంఖ్యను మార్చేది) అనే మూడింటినీ ఇదే వరుసలో పిలవాలి; యూఐడీని ముందే వదిలేస్తే గ్రూపులు మార్చే హక్కు కూడా దానితోపాటే పోతుంది. కాల్ విఫలమైతే పైథాన్ ఎక్సెప్షన్ (పట్టించుకోకపోతే ప్రోగ్రామ్‌ను ఆపేసే ఎర్రర్) ఇస్తుంది, అది నిజమైన మేలే. సీ భాషలో తిరిగివచ్చిన విలువను చూడకపోతే ప్రోగ్రామ్ రూట్‌గానే సాగిపోవచ్చు. అయితే అసలు పిలవని కాల్‌కు ఏ ఎక్సెప్షనూ రాదు. మా కోడ్‌లో సెట్‌గ్రూప్స్ లేదు. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) స్టేటస్ ఫైలు తెరిస్తే యూఐడీ వరుస సరిగ్గానే మారింది, కొంచెం కిందనున్న గ్రూప్స్ వరుసలో మాత్రం రూట్ గ్రూపు సంఖ్య సున్నా అలాగే ఉంది. నెలల తరబడి మాలో ఎవరమూ అటు చూడలేదు. గో భాషకు మరో చిక్కు ఉండేది: లినక్స్ కెర్నెల్‌లో యూఐడీ ఒక్కో థ్రెడ్‌కు (ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే ఒక్కో పాయకు) వేరుగా ఉంటుంది కనుక, 2021లో వచ్చిన 1.16 వెర్షన్ దాన్ని అన్ని థ్రెడ్‌లకూ వర్తింపజేసేదాకా అక్కడ సెట్‌యూఐడీ ఎర్రర్ మాత్రమే ఇచ్చేది.

రెండోదానికి చక్కని నమూనా ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 5.9 వెర్షన్‌లో, 2016లో వచ్చిన ప్లెడ్జ్ అనే కాల్. దానికి పెర్ల్ మాడ్యూల్ కూడా ఆ సిస్టమ్‌తోనే వస్తుంది. 'ఎస్‌టీడీఐఓ' (మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్), 'ఆర్‌పాత్' (ఫైళ్లు చదవడం) అని రెండు మాటలు రాస్తే ఆ ప్రాసెస్ ఫైళ్లు చదవగలదు, కొత్త నెట్‌వర్క్ సాకెట్ తెరవలేదు. తెరవబోతే కెర్నెల్ ఆ ప్రాసెస్‌నే అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇది యూఐడీ మార్పుకు బదులు కాదు, దానిపైన మరో కట్టడి.

చదివేవారికి ఉద్దేశం కనిపించేది రెండో పద్ధతిలోనే కనుక నా ఓటు దానికే. కానీ అన్ని సిస్టమ్‌లకూ ఒకటే ఫంక్షన్ పెట్టి, కట్టడి లేనిచోట మౌనంగా 'సరే' అనే లైబ్రరీ ఈ రెండింటికన్నా ప్రమాదకరం. వీలుకాకపోతే అది ఎర్రర్ ఇచ్చి తీరాలి. ఇప్పుడు మా సర్వర్‌లో ఆ మూడు కాల్స్‌ను వరుసగా చేసే ఒకే ఫంక్షన్ ఉంది. చివరన అది మళ్లీ రూట్‌గా మారడానికి ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నం ఫలిస్తే సర్వర్‌ను అక్కడే ఆపేస్తుంది.