మెమరీ కార్డుకు చోటు లేని కొత్త ఫోన్‌కు మారాలా? నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత నా అనుభవం

నేను నాలుగున్నరేళ్లుగా వాడుతున్న ఫోన్‌కు తరువాతి మోడల్‌ను ఆ కంపెనీ ఈమధ్యే విడుదల చేసింది. పాతది ఇచ్చి, పైన కొంత కట్టి కొత్తది తెచ్చుకోవాలా, లేక ఇంకో ఏడాది నెట్టుకురావాలా అని మూడు వారాలుగా మా ఇంట్లో చర్చ నడుస్తోంది. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఇక్కడ రాయడం లేదు. నన్ను ఆపుతున్న సంగతి ఆ ఒక్క కంపెనీది కాదు. ఈరోజు హన్మకొండ చౌరస్తాలో ఏ షోరూంలోకి వెళ్లి అడిగినా, ఇరవై వేలు దాటిన ఫోన్లలో చాలావాటిది అదే పరిస్థితి. కెమెరా, తెర, ప్రాసెసర్ వివరాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సిమ్ ట్రేలో మెమరీ కార్డుకు ఇచ్చే ఆ గోరంత చోటు కొత్త ఫోన్‌లో లేదు. నా బాధంతా దాని గురించే.

ఐఫోన్‌లో 2007 నుంచి ఏనాడూ కార్డుకు చోటు లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరసలో 2021 జనవరిలో వచ్చిన ఎస్21తో అది పోయింది. ఖరీదైన ఫోన్ల సంగతి కదా, మనకెందుకులే అని అప్పట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు నాలాంటి బడిపంతులమ్మ కొనే ఫోన్ల దాకా అది దిగివచ్చింది.

నిజానికి 2021లో దసరాకు ముందు ఈ ఫోన్ కొన్నప్పుడు కార్డు మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. ఆ ఏడాది బతుకమ్మ రోజుల్లో మా అత్తమ్మ పాడే పాటలను వీడియో తీయడం మొదలుపెట్టాను. పరకాల దగ్గరి పల్లెలో నాట్లు వేస్తూ నేర్చుకున్న పాటలు అవి. ఉయ్యాలో అని అందుకుంటే ఒక్కో కథాగేయం అరగంట దాకా సాగేది. నా ఫోన్‌లో నిమిషం వీడియోకు దాదాపు 130 ఎంబీ పడుతుంది, అంటే గంటకు ఎనిమిది జీబీకి కొంచెం తక్కువ. 64 జీబీ ఫోన్‌లో సగానికి పైగా సిస్టమే ఆక్రమించుకుని ఉండగా, ఎంగిలిపూల నాడు మొదలుపెట్టిన పని ఐదో నాటికే ఆగిపోయింది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో రెండు గంటల వీడియో కూడా పట్టదు. ఫోటోలకు, వీడియోలకు పరిమితి లేకుండా ఇచ్చిన ఉచిత సదుపాయాన్ని వాళ్లు ఆ ఏడాది జూన్ 1 నుంచే ఆపేశారు. అందుకే, వేరే దారి లేక, 128 జీబీ కార్డు కొని, కెమెరా సెట్టింగుల్లో వీడియోలు నేరుగా కార్డులోకి వెళ్లేలా మార్చాను. ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, చోటు చాలక చేసింది.

2021లోనూ, 2022లోనూ కలిపి పంతొమ్మిది పాటలు తీశాను. అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని, ఒళ్లో తంగేడు పూలు కట్టలు కడుతూ పాడేది. మధ్యలో చరణం గుర్తు రాకపోతే చెయ్యెత్తి, "ఆగు బిడ్డా, యాదికి రానీ" అనేది. దారం పళ్లతో తెంపుకుని, రెండు సార్లు దగ్గి, మళ్లీ సరిగ్గా ఆగిన చోటే అందుకునేది. 2023 సంక్రాంతి తర్వాత ఆమె కాలం చేసింది.

ఆ ఏడాది జులై 26 రాత్రి కురిసిన వాన ఓరుగల్లు వాళ్లెవరూ మరిచిపోయేది కాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. మేము అప్పుడు నయీంనగర్ నాలాకు దగ్గరి సందులో, కింది అంతస్తులో ఉండేవాళ్లం. అర్ధరాత్రి దాటాక నీళ్లు గడప దాటి వచ్చాయి. కరెంటు లేదు. బియ్యం బస్తాలు, పిల్లల సర్టిఫికెట్లు పైకి చేరవేసే తొందరలో, మంచం అంచున పెట్టిన ఫోన్ ఎప్పుడు నీళ్లలో పడిందో ఎవరమూ చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం నీళ్లు తీశాక, బీరువా కింద బురదలో దొరికింది. ఛార్జింగ్ పెట్టే రంధ్రం నిండా నల్లమట్టి. బియ్యం డబ్బాలో పెట్టమన్నవాళ్లు పెట్టమన్నారు, ఎండలో పెట్టమన్నవాళ్లు పెట్టమన్నారు. రెండూ చేశాను, ఏదీ పనిచేయలేదు.

నాలుగో రోజున చౌరస్తా దగ్గర ఫోన్లు బాగుచేసే ఒక చిన్న దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి పిల్లవాడు వెనక మూత తీసి చూసి, బోర్డు మొత్తం పచ్చగా చిలుము పట్టిందని, ఆశ పెట్టుకోవద్దని అన్నాడు. పాటల సంగతి చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నాను. అప్పుడు అతను, "కార్డును ఫోన్ స్టోరేజీ లెక్క ఫార్మాట్ చేసిన్రా మేడం, ఊకె పెట్టుకున్నరా?" అని అడిగాడు. నాకు ఆ తేడా తెలియదు. పిన్ను గుచ్చితే ట్రే రాలేదు. సన్నని పట్టకారుతో నెమ్మదిగా లాగి, బురదతో అతుక్కుపోయిన కార్డును గోటితో ఊడదీశాడు. దూది మీద స్పిరిట్ వేసి, ఆ ఎనిమిది బంగారు రంగు గీతలను ఒక్కొక్కటే తుడిచి, వేడిగాలి కింద కాసేపు దూరంగా ఆరబెట్టి, తన సొంత ఫోన్‌లో పెట్టాడు. తెర మీద వీడియోల బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకటి నొక్కాడు. ఆ దుకాణంలో, సోల్డరింగ్ వాసన మధ్య, "ఆగు బిడ్డా" అని అత్తమ్మ గొంతు వినిపించింది. పంతొమ్మిది పాటలూ ఉన్నాయి. అతను డబ్బులు తీసుకోలేదు.

ఫోన్‌ల గురించి నాకున్న ఈ పట్టుదలకు ఆ రోజే కారణం. ఏ యాప్ గానీ, ఏ కెమెరా గానీ నాకు అంత మేలు చేయలేదు.

అయితే ఆ రోజు దక్కనిది కూడా చెప్పాలి. పాటల వెనుక కథలను, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ నాట్లలో ఎవరు అందుకునేవారన్నదీ, అత్తమ్మ చెబుతుంటే విడిగా వాయిస్ రికార్డర్‌లో నింపుకున్నాను. ఆ యాప్ తనంతట తానుగా ఫోన్ లోపలి నిల్వలోనే దాచుకుంటుందని నేను గమనించలేదు. అవన్నీ పోయాయి, ఆమె చివరి నెలల ఫోటోలు కూడా వాటితోనే పోయాయి. నిల్వ చిప్‌ను ఊడదీసి ఇంకో బోర్డుకు పెట్టి చదవలేమా అని అడిగితే, ఇప్పటి ఫోన్లలో అది కుదరదని ఆ పిల్లవాడు వివరించాడు. ఆండ్రాయిడ్ 10తోనూ ఆ తర్వాతా వచ్చిన ఫోన్లలో లోపలి నిల్వ అంతా ఎన్‌క్రిప్షన్‌లో, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో, ఉంటుంది. దాని తాళంచెవి అదే ఫోన్ ప్రాసెసర్‌లోని భద్రమైన భాగంతో ముడిపడి ఉంటుంది. ఫోన్ దొంగల పాలైనప్పుడు మనల్ని కాపాడే ఆ ఏర్పాటే, బోర్డు చచ్చినప్పుడు మనల్ని కూడా బయటే నిలబెడుతుంది. నేను కార్డును ఫోన్ స్టోరేజీలా కలిపేసి ఉంటే, దానికీ అలాంటి తాళమే పడి, పాటలు కూడా దక్కేవి కావట. తెలియక మామూలుగా పెట్టుకోవడం వల్లే అవి మిగిలాయి.

తర్వాత సర్వీసు సెంటర్‌లో బోర్డు మార్పించి అదే ఫోన్‌ను వాడుతున్నాను. వారంటీ అప్పటికే అయిపోయింది. కొన్న ధరలో సగానికి దగ్గర ఖర్చయింది. ఇంట్లో అందరూ వద్దన్నారు, నేను వినలేదు.

ఇక కొత్త ఫోన్. షోరూంలో నలభై నిమిషాలు చేతిలో పట్టుకుని చూశాను, మంచి ఫోన్ కాదని అనను. ఐపీ67 రక్షణ ఉంది, అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పాటు ఉన్నా లోపలికి నీళ్లు పోకుండా పరీక్షించినది. అమ్మే అబ్బాయి నా కథ విని, ఈ ఫోన్ ఉండి ఉంటే మీకా కష్టమే వచ్చేది కాదన్నాడు. కావచ్చు. కానీ మా ఇంటికి వచ్చింది మంచినీళ్లు కాదు, నాలా నీళ్లు. ఉన్నది అరగంట కాదు, దాదాపు పన్నెండు గంటలు. అదీగాక నీటివల్ల పాడైతే వారంటీ వర్తించదని వాళ్ల కాగితాల్లోనే రాసి ఉంది. లోపల 256 జీబీ ఉంది కదా, కార్డెందుకని అతని రెండో ప్రశ్న. చోటు చాలడం నాకు ముఖ్యం కాదని అతనికి చెప్పడం కష్టమైంది. ఫోన్ చచ్చినా బతికి ఉండే చోటు, ఊడదీసి ఇంకొకరి చేతిలో పెట్టగలిగే చోటు నాకు కావాలి.

నేను ఇంటి నుంచి టైప్-సి కార్డ్ రీడర్, అంటే ఛార్జింగ్ రంధ్రంలో గుచ్చి కార్డును చదివించే చిన్న పరికరం, తీసుకెళ్లాను. దాన్ని కొత్త ఫోన్‌కు గుచ్చితే, పాత కార్డులోని పాటలు క్షణాల్లో కనిపించాయి. ఇది నాకు పెద్ద ఊరట. వారానికి ఒకసారి రీడర్ పెట్టి వీడియోలు కార్డులోకి ఎక్కించుకుంటే సరిపోతుందని మా అబ్బాయి అంటాడు, అది నిజమే. కానీ నా గురించి నాకు తెలుసు. పరీక్షల సీజనులో జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో నేను నెలల తరబడి ఆ పని చేయను. పాత ఫోన్‌లో కార్డు నా ప్రమేయం లేకుండానే తన పని తాను చేసింది.

క్లౌడ్ సంగతి కూడా పరీక్షించాను. ఈ జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన మేడారం జాతరకు వెళ్లి, చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే సాయంత్రం గంటన్నర వీడియో తీశాను. ఆ జనంలో నా ఫోన్‌కు ఫోన్ కాలే కలవలేదు, ఇక పదకొండు పన్నెండు జీబీలు పైకి ఎక్కడం ఎక్కడ? హన్మకొండ చేరాక, ఇంటి వైఫై మీద రాత్రంతా పెడితే గానీ పూర్తికాలేదు. ఈ మధ్యలో ఫోన్ పోయి ఉంటే అంతే సంగతులు.

పైన కార్డును అంతగా పొగిడాను కాబట్టి, నిరుడు సద్దుల బతుకమ్మ నాటి సంగతి దాచకూడదు. వేయిస్తంభాల గుడి దగ్గర వీడియో తీస్తుండగా, కార్డు పాడైందని తెర మీద సూచన వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. ఇంటికి వచ్చి చూస్తే పాతవన్నీ కనిపిస్తున్నాయి, కాపీ అవుతున్నాయి, కొత్తగా ఏదీ ఎక్కడం లేదు. రాసి చెరిపే కొద్దీ ఇలాంటి చిప్పులు అరుగుతాయని, చివరి దశలో కొన్ని కార్డులు చదవడానికి మాత్రమే పనికొస్తాయని తర్వాత తెలిసింది. అదృష్టం కొద్దీ అది అలా పోయింది. ఒక్కసారిగా మొత్తం పోయే కార్డులు కూడా ఉంటాయి. అంటే నాలుగేళ్లు నేను ధీమాగా ఉన్నది కూడా ఒకే ఒక్క ప్రతి మీద. ఇంకొకటి, మామూలుగా పెట్టుకున్న కార్డుకు తాళం ఉండదు. అది ఎవరికి దొరికితే వాళ్లు చూడవచ్చు. నాకు పాటలు తప్ప దాచుకునేవి లేవు కాబట్టి సరిపోయింది, అందరికీ అలా కుదరదు. వేగం కూడా తక్కువే; యూహెచ్ఎస్-1 అనే వేగ ప్రమాణంతో వచ్చే మామూలు కార్డు దారి సెకనుకు 104 ఎంబీ దాటదు, లోపలి నిల్వ దానికి ఎన్నో రెట్లు వేగం. కొన్ని ఫోన్లలోనైతే కార్డు పెడితే రెండో సిమ్‌ను వదులుకోవాలి. నా ఫోన్‌లో రెండింటికీ చోటుంది, ఆ సౌకర్యం ఇప్పుడు అరుదు.

పాత ఫోన్ మీద నాకున్న అసలు భయం వేరు. దీనికి భద్రతా అప్‌డేట్లు నిరుటితో ఆగిపోయాయి. కొత్తదానికి ఆరేళ్లు ఇస్తామంటున్నారు. జీతం పడే ఖాతా, పెన్షన్ వివరాలు, యూపీఐ అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఈ ఒక్క కారణం మీద మా అబ్బాయి మాటే సరైనదని ఒప్పుకుంటాను. బ్యాటరీ కూడా సాయంత్రం నాలుగింటికే పడిపోతోంది.

అందుకని, ఇప్పటికి నేను తేల్చుకున్నది ఇది. కొత్త ఫోన్ ఇప్పుడే కొనడం లేదు. బ్యాటరీ మార్పించి, బ్యాంకు పనులన్నీ మావారి ఫోన్‌లోకి మార్చేసి, పాతదాన్ని పాటలకు, జాతరలకు ఉంచుకున్నాను. ఇంట్లో రెండో ఫోన్ లేనివాళ్లకు ఈ సలహా పనికిరాదు. వాళ్లు అప్‌డేట్లు ఆగిన ఫోన్‌తో బ్యాంకు పనులు చేయకుండా కొత్తది తీసుకోవడమే మంచిది. పైఅంతస్తులో ఉండి, మంచి నెట్ ఉండి, ప్రతి ఆదివారం బ్యాకప్ చేసే క్రమశిక్షణ ఉన్నవాళ్లకు కార్డు లేదన్న లోటు బహుశా ఎప్పటికీ తెలియదు. వీడియోలు తీసే అలవాటు లేనివాళ్లు దీని గురించి ఆలోచించనే అక్కర్లేదు.

అత్తమ్మ పాటలను ఈ నెలలో మూడు చోట్ల దాచాను: కొత్త కార్డులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, కరీంనగర్‌లో ఉన్న మా ఆడబిడ్డ ల్యాప్‌టాప్‌లో ఒకటి. దసరా ఆఫర్ల నాటికి కార్డుకు చోటున్న మోడల్ ఏదైనా కాస్త ఎక్కువకాలం అప్‌డేట్లతో వస్తే దానికే మారతాను. రాకపోతే, రీడర్‌ను తాళాల గుత్తికి కట్టుకుని, ఈ కొత్త ఫోనే కొంటానేమో.